కిలుము వదిలిన నాణెం

యెషయాకు చెవుడు వచ్చిందని బెంగాలు రేవుపేట గార్డెన్ రీచ్‌లో చాలామంది నమ్మకం. నమ్మరూ మరి? రేవు గేటు దగ్గర టీ కొట్టువాడు మామూలుగానే "చా దేబో, దాదా?" అని బెంగాలీలో టీ ఇవ్వనా అంటాడు. ఈయన బస్సుకోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూసేలా "ఆఁ, పొయ్యి, పొయ్యి!" అని తెలుగులో అరుస్తాడు. టీ కొట్టువాడికి తెలుగు రాదు, అయినా పోస్తాడు. ఇంట్లోనూ అంతే. శనివారాలు కూతురు రేబెకా షాలిమార్ రైల్వే క్వార్టర్సు నుంచి వస్తుంది. వంటింట్లోంచి "నాన్నా, టీ..." అనేసరికి, ఆమె మాట పూర్తికాకముందే "పొయ్యమ్మా!" అని జవాబు వెళ్ళిపోతుంది. చెవిటివాడికి మాట ఆలస్యంగా అందుతుంది. ఈయనకు ముందే అందుతోంది. ఆ తేడా పట్టించుకునే తీరిక ఎవరికుంది?

ఏడాదిగా ఇదే వరస. వేళకు తింటాడు. ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్తాడు, పాట పాడే చోట పెదవులు కదుపుతాడు. ఎవరైనా పలకరిస్తే "బాగున్నానండి" అంటాడు. కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, ఆ పాటి బాగు. భార్య రోజమ్మను సమాధి చేసిన రోజున ఆయన కంట చుక్క నీరు రాలేదని చర్చిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నిజమే, రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకూ అర్థం కాలేదు.

యెషయాకు అరవై ఎనిమిదేళ్ళు. తండ్రి భీమునిపట్నం నుంచి వచ్చి ఈ రేవులో క్రేను నడిపాడు. కొడుకు అదే రేవులో టాలీ గుమస్తాగా చేరి ముప్పై నాలుగేళ్ళు చేశాడు. ఓడలోంచి దిగే ప్రతి మూటకీ, ప్రతి పెట్టెకీ కాగితం మీద ఒక గీత గీసి, కింద సంతకం పెట్టడం టాలీ గుమస్తా పని. ఆ పనిలో ఒకటే ధర్మం. కంటితో చూసినవాడే సంతకం పెట్టాలి. ఆఫీసరు వచ్చి నేను పెడతానన్నా కుదరదు. చూసినవాడు కూలివాడైతే కూలివాడి వేలిముద్రే పడాలి. మిగతా విషయాల్లో యెషయా మెత్తనివాడే గాని, ఈ ఒక్క ముక్క దగ్గర మాత్రం రాయి.

ఇక నాణేల పిచ్చి ఎలా పట్టిందంటే, అది చర్చిలోనే పట్టింది. పన్ను కట్టాలా అని అడిగినవాళ్ళకు ప్రభువు ఒక దేనారం తెప్పించి చూపించిన సంగతి పాస్టరుగారు చెప్తుంటే, తొమ్మిదేళ్ళ యెషయా లేచి, "దాని మీద బొమ్మ ఎవరిదండి?" అని అడిగాడు. కైసరుది అన్నారు పాస్టరుగారు. "ఏ కైసరుదండి?" అన్నాడు వీడు. పాస్టరుగారికి తెలియదు. తెలియదని చెప్పకుండా కూర్చోమన్నారు. తండ్రి ఇంటికెళ్ళాక చెవి మెలిపెట్టాడు. చెవి నొప్పి ఆ పూటే పోయింది, ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

ఉద్యోగం వచ్చాక యెషయా సెలవురోజుల్లో ఊరి నడుమ డల్హౌసీకి వెళ్ళి, పెద్ద పోస్టాఫీసు పక్క పేవ్‌మెంటు మీద పాత నాణేలు పరుచుకుని అమ్మేవాళ్ళ ముందు చతికిలబడేవాడు. లైబ్రరీల్లో నాణేల పటాలు జిరాక్సు తీయించుకునేవాడు. లాటిను అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాడు. రోము చక్రవర్తుల వరస అతనికి సొంత మేనమామల వరసకంటే బాగా వచ్చు. ఇంతా చేసి నలభై ఏళ్ళలో పోగేసినవి నలభై ఒక్క నాణేలు. అన్నీ చిల్లరవే, అరిగినవే. ఒకప్పుడు మన తీరానికి ఓడలమీద వచ్చిన రోము బంగారు నాణేలు కొనే తాహతు టాలీ గుమస్తాకు ఎక్కడిది? ఎవరిదగ్గరైనా ఉంటే చూసి, అరచేతిలో కాసేపు పెట్టుకుని, అదేమిటో చెప్పి, తిరిగి ఇచ్చేసేవాడు.

చెప్పడంలోనే ఆయన గొప్ప. ముందు లోహం చూస్తాడు. తరవాత కంసాలి త్రాసులో బరువు. తరవాత అంచు చుట్టూ గోరు పోనిచ్చి చూస్తాడు. ఆ తరవాత అక్షరాలు. బొమ్మ ఆఖరున. "బొమ్మ సూసి మోసపోనోడు లేడు, అంచు సూసి మోసపోనోడు ఉన్నాడు" అనేవాడు. కొట్టిన నాణేనికి అంచు ఒక తీరు, మూసలో పోసిన నకిలీకి మరో తీరు. మూస రెండు చెక్కలూ కలిసిన చోట సన్నటి అతుకు గీత పడుతుంది. దాన్ని ఆకురాయితో ఎంత అరగదీసినా ఎక్కడో ఒక చోట మిగులుతుంది.

ఆదివారం సాయంత్రాలు లేక్ గార్డెన్స్‌లో సోమయాజులు ఇంట్లో నాణేల సంఘం కూడుతుంది. సోమయాజులుది విజయనగరం, బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరై ఇక్కడే ఉండిపోయాడు. సంఘమంటే ఆరేడుగురు. ఎవరు ఏ నాణెం తెచ్చినా యెషయా చూసి చెప్పాలి, సోమయాజులు తన గుండ్రటి చేతిరాతతో చిన్న కాగితం కవరు మీద రాయాలి. నాలుగే గీతలు. ఏమిటి, లోహం, బరువు, గుర్తించినవారు. నాలుగో గీత యెషయా పెట్టించిందే. ఒకసారి ఒక ప్రొఫెసరుగారు వెండిదని ఒక నాణెం తెస్తే, టీ గ్లాసులు తీయడానికి వచ్చిన పనిమనిషి మాలతి దాన్ని చేత్తో తూచి, ఇది వెండి కాదు బాబూ, సీసం అంది. చూస్తే సీసమే. ప్రొఫెసరుగారి మొహం మాడిపోయింది. అయినా యెషయా ఊరుకోలేదు. నాలుగో గీతలో మాలతి పేరు రాయించి గాని కవరు మూయనివ్వలేదు.

ఆ నలభై ఒక్కటిలో ఆయన ప్రాణం ఒక్కదాని మీదే ఉండేది. ఆ నాణెం ఇంటికి ముప్పై ఏళ్ళ కిందట వచ్చింది. ఎక్కడో మధ్యధరా రేవునుంచి వచ్చిన ఓడలో వంటవాడు జేబులోంచి తీసి చూపించాడు. ఒక పక్క అగ్రిప్పా అనే నౌకాసేనాని తల. ఆ తల మీద ఓడ ముక్కులతో చేసిన కిరీటం. రెండో పక్క ఒక చేత త్రిశూలం, ఒక చేత చేపపిల్లతో సముద్రదేవుడు. మొత్తం నాణేనికంతా లేత చిగురు రంగులో నున్నటి కిలుము. రేవులో పుట్టి రేవులో పెరిగినవాడికి ఓడల కిరీటం కనబడితే మతి నిలుస్తుందా? వంటవాడు డబ్బు వద్దన్నాడు, చేతి వాచీ అడిగాడు. పెళ్ళికి మామగారు పెట్టిన హెచ్ఎంటీ వాచీ అది. యెషయా విప్పి ఇచ్చేశాడు.

ఆ ఏడు మామగారు వచ్చి, అల్లుడి ఖాళీ మణికట్టు చూసి, "వాచీ ఏదమ్మా?" అని కూతుర్ని అడిగాడు. రోజమ్మ రెప్ప వేయకుండా, "గంగలో పడిపోనాది నాన్నా, ఓడ దిగతంటే" అంది. ఆమె అబద్ధమాడటం యెషయా చూసింది ఆ ఒక్కసారే. తరవాత రెండు వారాలు ఆమె ప్రార్థనలో మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉంది. నాణెం గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

కిలుము సంగతి కొంచెం చెప్పాలి. లోకానికి కిలుమంటే విషం. గిన్నెకు కిలుము పడితే అందులో వండింది తినకూడదని పసిపిల్లకు కూడా తెలుసు. నాణేలవాళ్ళకు కిలుమంటే ప్రాణం. రెండువేల ఏళ్ళు మట్టిలో ఉండి రాగి సంపాదించుకున్న చర్మం అది. దాన్ని గీకినవాణ్ణి సంఘంలోంచి వెలివేసినా తప్పులేదంటారు. అగ్రిప్పా నాణెం ఉండాల్సినదానికంటే రెండు గ్రాములు తక్కువ తూగింది. అరిగిపోయిందిలే అనుకున్నాడు యెషయా. అంచు చుట్టూ కిలుము మందంగా ఉండి గోరుకు ఏమీ తగల్లేదు. కిలుము తీస్తే గాని కింద ఏముందో తెలియదు. కిలుము తీయకూడదు. ఊరందరి నాణేలకూ వంకలు పెట్టినవాడు తన నాణెం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చాటున హాయిగా కూర్చున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

పోయిన ఏడు డిసెంబరు పన్నెండున రోజమ్మ క్రిస్మసుకు ఇత్తడి సామాను దించింది. పూలకుండీలు, అత్తగారి బిందె, పుట్టింటివాళ్ళిచ్చిన చెంబు. ఏటా చేసే పనే. చింతపండు నానేసి, ఉప్పు కలిపి, పీచుతో తోముతుంది. ఆ ఆదివారం సంఘంలో చూపించాలని యెషయా అగ్రిప్పాను సాసరులో పెట్టి, బల్లమీద ఉంచి బజారుకెళ్ళాడు. ఇంతిష్టంగా చూసుకుంటారు, దీన్నెవరూ తోమరేమిటి, పండగపూట ఇది కూడా మెరిస్తే బాగుంటుంది కదా అనుకుంది ఆమె. చింతపండుతో ఇత్తడి మెరిపించే తెలుగు ఇల్లాలికి తప్ప ఆ ఆలోచన ఇంకెవరికి వస్తుంది?

యెషయా సంచీతో లోపలికి వచ్చేసరికి ఆమె తడిచేతుల్లో నాణెం పట్టుకుని ఎదురొచ్చింది.

"ఇలాగ సూడండి. ఒక్క రుద్దుకే ఎలాగ వదిలీసిందో! ఏటండీ, మీరు రాగన్నారు గదా? ఇది ఇత్తడి. నా సెంబు పక్కన పెట్టి సూసినాను, అచ్చం అదే రంగు."

యెషయాకు రంగు కనబడలేదు. ఆకుపచ్చ పోవడం ఒక్కటే కనబడింది. సంచీ కింద పడింది, బంగాళాదుంపలు మంచం కిందికి దొర్లాయి.

"నీకేటి తెలుసు?" అన్నాడు. "నోరు మూసుకో."

నాణెం లాక్కుని పేపరు ముక్కలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పడేసి, డబ్బా బీరువా మీదకు తోసేశాడు. రోజమ్మ చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. తరవాత వంగి, మంచం కిందినుంచి బంగాళాదుంపలు ఏరుకుంది.

యెషయా ఇంట్లో మగవాళ్ళు పెళ్ళాల్ని కొట్టరు, తిట్టరు. మాట మానేస్తారు. తాత మానేశాడు, తండ్రి ఒకసారి నెలరోజులు మానేశాడు. అది పెద్ద మంచితనమని వాళ్ళ భ్రమ. నన్నడిగితే తిట్టడమే నయం, తిట్టుకు తిరుగు జవాబైనా ఉంటుంది. యెషయా కూడా మానేశాడు. అన్నం పెడితే తిన్నాడు, చొక్కా ఉతికి ఇస్తే తొడుక్కున్నాడు. మధ్యలో వచ్చిన శనివారం రేబెకా వస్తే కూతురితో ఇద్దరూ మాట్లాడారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని ఆ పిల్లకు తెలియనివ్వలేదు. పండగనాడు చర్చికి వెళ్ళేముందు మాట్లాడదాంలే అని యెషయా మనసులో ఒక గడువు పెట్టుకున్నాడు. ఆ సంగతి రోజమ్మకు తెలియదు కదా.

డిసెంబరు ఇరవై రెండు పొద్దున యెషయా ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. వంటింట్లోంచి రోజమ్మ అడిగింది.

"టీ పొయ్యమంటారేటండీ?"

ఆయన పలకలేదు. వినబడింది, బాగా వినబడింది. కాసేపటికి లోపల స్టీలు గ్లాసు నేలమీద పడిన చప్పుడైంది. కోపంతో విసిరిందనుకున్నాడు. అనుకుని, పేజీ తిప్పాడు. పాలు మాడిన వాసన వచ్చాక గాని లేవలేదు. గుండె ఒక్కసారిగా ఆగిపోయిందని, మీరు పక్కనే ఉన్నా చేసేదేమీ లేకపోయేదని డాక్టరు చెప్పాడు. డాక్టర్లు మంచివాళ్ళు, అలాగే చెప్తారు.

ఆ సాయంత్రం రేబెకా ఏడ్చి ఏడ్చి, "ఆఖరికి అమ్మ నీతో ఏటి మాటాడింది నాన్నా?" అని అడిగింది.

"టీ పొయ్యమంటారా అని అడిగింది."

"నువ్వేటన్నావు?"

"పొయ్యమన్నాను" అన్నాడు యెషయా.

అప్పటినుంచి ఎవరు అడిగినా పొయ్యమంటూనే ఉన్నాడు.

డబ్బా మాత్రం దించలేదు. ఆదివారాలు నాణేల సంఘానికి వెళ్ళడం కూడా మానేశాడు. మనసులో ఒకే ఒక్క ఊతం ఉండేది. పోయింది మామూలు వస్తువు కాదు. రెండువేల ఏళ్ళ నాణెం. ముప్పై ఏళ్ళు కంటికి రెప్పలా కాచుకున్నది. అలాంటిది పోతే ఎవడికి కోపం రాదు? కోపానికి కారణం అంత పెద్దదైతే, తను చేసిన తప్పు కాస్త చిన్నదవుతుందని ఆయన ఆశ. ఆ నాణెం నిజమైనదై ఉండటం ఒక్కటే ఆయన్ని నిలబెడుతోంది. డబ్బా దించకపోవడానికి దుఃఖం కారణమని అందరూ అనుకున్నారు. దుఃఖమేనా? చింతపండుతో తోమిన రాగి ఏ రంగుకు తిరుగుతుందో నలభై ఏళ్ళ నాణేలవాడికి తెలియదా? ఆ రోజు ఆమె చేతిలో పసుపు రంగు ఆయన చూడనే లేదా, చూసి కూడా మూట కట్టేశాడా? ఆ ప్రశ్న ఆయన తనను తాను వేసుకోలేదు. వేసుకోకుండా ఉండటానికే తిమ్మిరి పనికొచ్చింది.

ఈ డిసెంబరులో, రోజమ్మ జ్ఞాపకార్థ కూడిక వారం ఉందనగా, ఒక శనివారం మధ్యాహ్నం సోమయాజులు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. రేబెకా కూడికకోసం ఇల్లు దులుపుతోంది. కుర్చీమీద దుమ్ము తుడిచి ఆయన్ని కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది.

"యెషయా గారూ, ఒక్క మాట అడిగీసి పోతాను" అన్నాడు సోమయాజులు. "జనవరిలో మన సంఘం ప్రదర్శన పెడతన్నాం. మీ అగ్రిప్పా లేకపోతే పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా ఉంటాది. ఫొటో తీసుకుందామని వచ్చేను."

"అది పాడైపోయిందండి."

"పాడైపోడం ఏటండీ?"

"పోయిన ఏడు మా ఇంటిది చింతపండు పెట్టి తోమీసింది."

సోమయాజులు నుదురు పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం చూస్తే యెషయాకు ఒక రకంగా ఊరట కలిగింది. చూశారా, ఎంత నష్టమో ఈయనకు తెలుసు అనుకున్నాడు.

"పోన్లెండి, పాపం ఆవిడకేం తెలుసు" అన్నాడు సోమయాజులు. "తోమినా రాగి రాగే, అగ్రిప్పా అగ్రిప్పాయే. ఓసారి తియ్యండి, చూద్దాం."

యెషయా లేచాడు. స్టూలు వేసుకుని డబ్బా దించాడు. పేపరు మడత విప్పాడు. ఏడాది కిందటి చింతపండు పీచు ఒకటి ఎండి, సముద్రదేవుడి కాళ్ళ దగ్గర అంటుకుని ఉంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్లమీద పడుతోంది. ఆ ఎండలో నాణెం పసుపుపచ్చగా మెరిసింది.

సోమయాజులు చూశాడు. జేబులోంచి భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు, సంచీలోంచి ఖాళీ కవరు, పెన్ను తీశాడు. నలభై ఏళ్ళ అలవాటు.

"మీరే చెప్పాలి" అన్నాడు మెల్లగా. "నేను రాస్తాను."

యెషయా భూతద్దం తీసుకున్నాడు. పరాయివాడి నాణెం చూసినట్టే చూశాడు.

"లోహం ఇత్తడి" అన్నాడు. "అగ్రిప్పా బొమ్మతో, సముద్రదేవుడితో రోములో కొట్టినవన్నీ రాగివి. ఇత్తడిది ఉండదు."

సోమయాజులు రాయలేదు. పెన్ను పట్టుకుని ఆయన మొహం చూస్తున్నాడు.

"రాయండి. బరువు తొమ్మిది గ్రాముల చిల్లర. రెండు గ్రాములు తక్కువ. ముందే తక్కువ." అంచు చుట్టూ బొటనవేలి గోరు పోనిచ్చాడు. కిరీటం వెనక ఒక చోట గోరు ఆగింది. "అతుకు గీత. ఆకురాయితో అరగదీశారు. అక్షరాలు మొద్దుగా ఉన్నాయి. సెంప మీద బుడగ గుంటలు. మూసలో పోసింది. పైన ఆకుపచ్చ కిలుము మందు పెట్టి పట్టించింది. నిజం కిలుమైతే చింతపండుకు ఒక్క రుద్దుకు వదలదు. గుంటలు పడతాయి, మచ్చలు మిగుల్తాయి. ఇది సుబ్బరంగా వదిలీసింది. నకిలీ."

"యెషయా గారూ..."

"నకిలీ అని రాయండి."

సోమయాజులు రాశాడు. మూడు గీతలు అయ్యాయి. నాలుగోదాని దగ్గర అలవాటుగా య అని మొదలుపెట్టబోయాడు.

"కాదు" అన్నాడు యెషయా. "నేను గాదు. ముప్పై ఏళ్ళు నా దగ్గరుంటే నేను గుర్తించలేదు. మా రోజా గుర్తించింది. సేతిలో పట్టుకుని నా మొహం మీదే సెప్పింది. ఇది ఇత్తడి, నా సెంబు పక్కన పెట్టి సూసినాను అని. లోహం ముందు సూడాలని సంఘంలో అందరికీ నేర్పినోణ్ణి. తను లోహమే సూసింది. నేను నోరు మూసుకోమన్నాను." నాణెం బల్లమీద పెట్టాడు. "అదేనండి నేను ఆవిడతో అన్న ఆఖరి మాట. మరి మాటాడలేదు. పది రోజులు. పదో రోజున పోయింది."

సోమయాజులు ఓదార్చడం వచ్చినవాడే గాని, ఇక్కడ ఏ మాట పెట్టినా ఇమడదని తెలిసినవాడు కూడా. వంగి, అన్నిటికంటే శ్రద్ధగా, గుండ్రంగా నాలుగో గీత పూర్తిచేశాడు. గుర్తించినవారు, రోజమ్మ. పేరు పక్కన వేయడానికి తేదీ అడిగాడు. ఈ రోజుది కాదని యెషయా పోయిన ఏడు డిసెంబరు పన్నెండు చెప్పాడు. చూసిన రోజే పడాలి కదా. సోమయాజులు నాణేన్ని కవరులో వేసి బల్లమీద పెట్టి, యెషయా భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కిందికి ఆయన చెప్పుల చప్పుడు వినబడినంతసేపూ యెషయా అలాగే కూర్చున్నాడు. ఏడాదిగా పట్టుకున్న ఊతం చేతిలోంచి జారిపోయింది. పెద్ద కారణం లేదు. చిన్న కారణం కూడా లేదు. ఒక ఇత్తడి బిళ్ళకోసం, నిజం చెప్పిన మనిషితో మాట మానేశాడు. తిమ్మిరి వదిలేటప్పుడు ముందు సూదులు గుచ్చినట్టుంటుంది. ఎక్కడో అలా మొదలైంది.

రేబెకా చేతిగుడ్డతో వచ్చి బల్ల తుడవబోయి కవరు ఎత్తింది. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం అంతంతమాత్రం. బడిలో చదివిందంతా బెంగాలీ, ఇంగ్లీషు. కవరును వెలుతురుకు తిప్పి, పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం పట్టుకుంది.

"రో... జ... మ్మ." తలెత్తింది. "అమ్మ పేరు ఇక్కడ దేనికి నాన్నా? అమ్మకి నీ నాణేలు తెలుసేటి?"

"నాకంటే బాగా తెలుసు."

రేబెకా చిన్నగా నవ్వింది. ఏడాదిలో తండ్రి తల్లి గురించి ఒక మంచి మాట అనడం ఇదే మొదలు. ఆ నవ్వు చూస్తూ ఊరుకుంటే సరిపోయేది. అబద్ధం ఏడాదిగా బాగానే నిలబడింది, ఇంకో పదేళ్ళు నిలబడేది. కాని బల్లమీద కవరు ఉంది, దాని మీద నాలుగు గీతలూ నిజాలే ఉన్నాయి.

"కూకో, అమ్మా" అన్నాడు యెషయా. ఆమె కూర్చుంది. ఆయన చింతపండు దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా, టాలీ చదివినట్టు వరసగా చెప్పాడు. బంగాళాదుంపలు చెప్పాడు. పది రోజులు చెప్పాడు. "ఆవేళ మీ అమ్మ టీ పొయ్యమంటారా అని అడిగిన మాట నిజమే. నేను పొయ్యమన్లేదు. ఏటీ అన్లేదు. గ్లాసు పడితే, కోపమొచ్చిందిలే అని పేపరు తిప్పుకున్నాను."

రేబెకా తండ్రి వంక చూడలేదు. చేతిగుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. బయట షిప్‌యార్డు సైరను మోగి ఆగింది. అది ఆగాక ఆమె లేచి కవరు తీసుకుని, గోడకున్న తల్లి ఫొటో కింద షెల్ఫు మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడైంది. గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడైంది.

నీళ్ళు మరిగాయి. టీ పొయ్యమంటావా అని ఆమె అడగలేదు. యెషయా జవాబు నోట్లోనే పెట్టుకుని, ఆ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.